కనకక్క అడిగిన కారణం

పక్క ఖోలీలో జిగురు డబ్బా మూత తీసినట్టున్నారు. రెండు గదుల మధ్య గోడ పైకప్పు దాకా లేదు, పైన జానెడు సందు ఉంది. అందులోంచి ఆ ఘాటు ఇటు దిగుతుంది. చీరల మీద మెరిసే రాళ్లు అతికించే జిగురు అది. ముందు కళ్లు మండుతాయి, తరువాత గొంతులో చేదు కూర్చుంటుంది. సూరత్ బమ్రోలిలో మా సందు ఆడవాళ్లకు ఆ వాసన కొత్తేం కాదు. నాకు మాత్రం అది తగిలినప్పుడల్లా కనకక్క ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుంటుంది. కాళ్లు చాపుకొని, వీపు గోడకు ఆనించి, ఒళ్లో చీర పరిచి, కళ్లజోడు ముక్కు కొసకు జార్చి నన్ను పైనుంచి కిందికి చూస్తుంది. "ఏందే నర్సవ్వా, గట్ల నిలబడ్డవ్? మాల్ తెచ్చినవా, మొకం సూపెట్టిపోను వచ్చినవా?" అంటుంది.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తున్నది. ఇక్కడి తెలుగు బడిలో చదివింది కాబట్టి ఆమె చేతికి అక్షరాలు వచ్చాయి. "అమ్మా, జర మెల్లగ చెప్పు, అరవకు" అంటుంది. సాంచెల చప్పుడు పక్కన బతికినవాళ్లకు మెల్లగా మాట్లాడడం ఎలా వస్తుంది? ఇరవై నాలుగు గంటలూ గోడ అవతల మగ్గాలు కొట్టుకుంటూ ఉంటే, ఉప్పు అడగాలన్నా అరవాల్సిందే. కనకక్క గొంతయితే సాంచెలను కూడా దాటి వినిపించేది. ఆ గొంతు ఎరగనివాళ్ల కోసమే ఇదంతా చెబుతున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. మాది కరీంనగర్ దిక్కు ఒక పల్లె, ఆమెది జగిత్యాల దిక్కు. పెళ్లయిన కొత్తలో భర్త వెంట సూరత్ వచ్చింది. భర్త పోయాక ఊరికి తిరిగి వెళ్లలేదు. పిల్లలు లేరు. మార్కెట్‌లో చీరల వ్యాపారి దగ్గర మూటలు తెచ్చి మా సందులో ఆడవాళ్లకు పంచేది. దారపు కొసలు కత్తిరించడం, రాళ్లు అతికించడం, అంచు కుట్టడం, ఎవరి చేతికి ఏది వస్తే అది. పని అయ్యాక మళ్లీ మూటకట్టి ఆటోలో వేసుకుని పోయేది. మేము ఆటపట్టించడానికి శేఠానీ అనేవాళ్లం. "ఏం శేఠానీ, ఈసారి మూట చిన్నగుంది?" అంటే, "శేఠానీనే అయితే మీ మొకాలు సూసుకుంట ఈ మోరీ పక్కన ఎందుకు కూసుంటనే, కారుల తిరుగపోదునా?" అని కసిరేది. కసిరినంతసేపూ చేతిలో పని ఆగేది కాదు.

మా ఆయన మల్లేశం కార్ఖానాలోనే కూలిపోయాడు. డ్యూటీ మారే వేళ సాంచె ఆపి, గోడకు ఆనుకొని, అలాగే కిందికి జారాడట. గుండె అన్నారు. కర్మకాండలకు ఊరికి పోయి తిరిగి వచ్చిన తరువాత నేను కనకక్క గడపలో నిలబడ్డాను. ఆమె ఓదార్చలేదు. ఎలా పోయాడని అడగలేదు. లోపలికి పోయి చీరల మూట తెచ్చి నా ముందు పెట్టి, "రాయి పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టకు, చెయ్యి వణుకుతది" అని మాత్రం చెప్పింది.

నేను చేసిన మొదటి మూట మొత్తం వెనక్కి వచ్చింది. పక్క సందులో పని ఇచ్చే మనిషి అయితే ఖరాబ్ అని ఒక మాట అని, కూలిలో కోసి, పొమ్మనేవాడు. కనకక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక్కో చీరా విప్పి, తప్పు ఉన్నచోట సుద్దముక్కతో గుండ్రంగా గీసింది. ఇక్కడ జిగురు ఒలికింది. ఇక్కడ రాయి వంకర పోయింది. ఇక్కడ దారం తెగకుండా వేలాడుతోంది. మూట అయ్యేసరికి చీరల నిండా తెల్లని సున్నలు. నాకు ఏడుపొచ్చింది.

"అంత గీకాల్నా అక్కా? బాగలేదని ఒక్క మాట అంటే సరిపోవు గదా."

"బాగలేదంటే నువ్వు ఏం దిద్దుకుంటవే? ఏడుసుకుంట పోతవ్, రేపు మల్ల గట్లనే తెస్తవ్. గీత సూడు. గీత ఉంటేనే కోత. గీత లేకుంటే నా అయ్య వచ్చినా నీ కూలిల కోసెడిది లేదు."

అది మా పనిలో పాత కట్టుబాటు. చీర వాపసు చేసేవాడు తప్పు మీద గీత పెట్టి చూపించాలి. చాలా దుకాణాల్లో ఇప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. కనకక్క మాత్రం ఎక్కడా వదిలేది కాదు. ఒకసారి నన్ను వెంటబెట్టుకుని మార్కెట్‌కు పోయింది. చీరలు చూసే పిల్లవాడు మా మూటను కాలితో పక్కకు నెట్టి, "మాల్ ఖరాబ్ హై, మౌసీ" అన్నాడు. ఆమె మూట విప్పింది. ఒక చీర తీసి దుకాణం నడిమధ్య పరిచి, మోకాళ్ల నొప్పితో మూలుగుతూ దాని మీదే కూర్చుంది. "కహాఁ ఖరాబ్? ఉంగ్లీ రఖో" అంది. వేలు పెట్టి చూపించమని. కొనడానికి వచ్చినవాళ్లు ఆమె చుట్టూ తిరిగి నడవాల్సి వచ్చింది. చివరికి శేఠ్ స్వయంగా లేచి వచ్చి చీరలన్నీ చూశాడు. కొన్నింటిలో నిజంగానే తప్పులు ఉన్నాయి. వాటి కోతకు కనకక్క తల ఊపి ఒప్పుకుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను, "సగం మనదే తప్పు గదా అక్కా, అంత లొల్లి ఎందుకు?" అన్నాను. "తప్పు మనదేనని వాడు సూపెట్టినంక తెలిసింది. సూపెట్టకముందు తెల్వదు గదనే" అంది.

ఆ మాట అప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. ఎక్కడానికి రేషన్ కార్డు పోవాల్సి వచ్చింది.

రేషన్ దుకాణంలో ఎప్పటిలాగే మిషన్ మీద బొటనవేలు పెట్టాను. ఎర్ర లైటు వెలిగింది. వేలు తుడుచుకొని మళ్లీ పెట్టాను. జిగురు పని చేసే చేతులకు గీతలు అరిగిపోతాయి, మిషన్ ఒక్కోసారి గుర్తుపట్టదు, అదే అనుకున్నాను. దుకాణదారు తల అడ్డంగా ఊపాడు. "వేలు బాగానే ఉంది బెహన్. కార్డు బంద్ అయింది. కచేరీకి పో" అన్నాడు హిందీలో. నా వెనుక ఉన్నామె అప్పటికే తన సంచి ముందుకు తోసింది. ఇంట్లో బిడ్డ, నేను. మిగిలిన బియ్యం డబ్బా అడుగున ఉన్నాయి. కచేరీకి పోతే కిటికీ అవతల గుమాస్తా నా ఆధార్ కార్డు చూసి, ఏదో నొక్కి, "సిస్టమ్ నే నికాలా హై" అన్నాడు. సిస్టమ్ తీసేసిందట. ఎందుకు అని అడిగితే మళ్లీ అదే మాట. నేను వచ్చేశాను. పెద్ద కచేరీలో మనలాంటి వాళ్లం ఇంకేం అడుగుతాం అనుకున్నాను.

కనకక్కకు చెప్పాను. ఆమె దారం పళ్లతో తెంపుతూ వింది.

"సిస్టం అంటే ఎవడే? ఏ ఊరోడు?"

"మనిషి కాదక్కా, కంప్యూటర్."

"కంప్యూటర్‌కు నీ మీద ఏం పగ?"

"నాకేం తెలుసు?"

"అడిగినవా?"

"అడిగిన. సిస్టం తీసేసిందన్నడు."

"అది తీసేసుడు. ఎందుకు తీసేసిందో అడిగినవా అంటున్న."

మర్నాడు పని పక్కనపెట్టి నాతో వచ్చింది. కిటికీ దగ్గర వరుస పొడుగ్గా ఉంది. మా వంతు వచ్చాక ఆమె గుమాస్తా ముందున్న తెర వైపు చూపించి, తనకు వచ్చిన హిందీలో, "ఆ టీవీ ఇటు తిప్పు నాయనా" అంది. గుమాస్తా నవ్వాడు. వెనుక వరుసలో వాళ్లూ నవ్వారు. ఆమె కిటికీ చెక్క మీద రెండు మోచేతులూ ఆనించి నిలబడింది. జరిగేలా కనిపించలేదు. చివరికి విసుగుపడి, "దేఖ్ లో, మాజీ", చూసుకో అమ్మా అని తెరను మా వైపు తిప్పాడు. ఎర్రని గీత ఒకటి, పక్కన ఏవో అక్షరాలు. వరుసలో ఉన్న ఒకతను చదివి చెప్పాడు: అర్హత లేదు అని ఉందట. అంతే.

"ఇది కోత" అంది కనకక్క. "తప్పు ఏది?"

గుమాస్తా మొహంలో నవ్వు పోయింది. మెల్లగా మాట్లాడాడు. ఆ మాటలు హిందీలో అయినా నాకు బాగా గుర్తున్నాయి. "నాకూ కనబడదు మాజీ. ఆ మిషన్ ఎవరికి ఏమేమి ఉన్నాయో ఎక్కడెక్కడి నుంచో తెచ్చి కలుపుతుంది. కలిపి ఎవరు పేదవాళ్లో, ఎవరు కాదో అదే తేలుస్తుంది. మాకు పేరు పక్కన ఎరుపు మాత్రం వస్తుంది. మా అత్తగారి పేరు కూడా అట్లాగే పోయింది. ఇదే కుర్చీలో కూర్చుని నాకే తెలియదు ఎందుకు పోయిందో."

కనకక్క అతని మీద కోపం చేయలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగింది. "వీడు మార్కెట్‌ల పోరగాడసొంటోడే. శేఠ్ లోపట ఉన్నడు" అంది.

శేఠ్ దొరకడానికి చాలా మంగళవారాలు పట్టింది. మంగళవారం జనం ఫిర్యాదులు వినే రోజు. పోయిన ప్రతిసారీ కనకక్క సగం రోజు కూలి పోయేది, నాదీ పోయేది. మా సందులోనే కార్డు పోయిన మరికొందరు ఆడవాళ్లు తోడయ్యారు. అందరిదీ ఒకటే మాట, సిస్టమ్ తీసేసింది. ఎట్టకేలకు ఒక పెద్ద మేడమ్ గదిలోకి మమ్మల్ని రానిచ్చారు. ఇస్త్రీ చీర, పలుచని కళ్లజోడు. కనకక్క నా చెవిలో, "ఆ చీర మీద రాళ్లు సూడు, మన సందులనే పెట్టినట్టున్నరు, ఒకటి ఊడింది" అంది. ఆ భయంలో కూడా నాకు నవ్వు ఆగలేదు.

మేడమ్ మర్యాదగానే మాట్లాడింది. కారణం చెప్పడానికి వీల్లేదంది. మిషన్ దేన్ని చూసి పట్టుకుంటుందో జనానికి తెలిస్తే, ఉన్నవాళ్లు దాన్ని దాచిపెట్టి లేనివాళ్ల బియ్యం తింటారంది.

"మా దగ్గర తప్పు సూపెడితే పోరీలు దిద్దుకుంటరు మేడమ్" అంది కనకక్క. "మీ దగ్గర సూపెడితే దాసుకుంటరా?"

"రెండు రకాల వాళ్లూ ఉంటారమ్మా. నీకు ఒక సందు. నాకు ఊరంతా" అంది మేడమ్.

"అది నిజమే" అంది కనకక్క. ఒప్పుకోవాల్సిన మాటను ఒప్పుకోవడం ఆమెకు నామోషీ కాదు. "ఊరందరికి చెప్పకుండ్రి. నర్సవ్వ సంగతి నర్సవ్వకు చెప్పుండ్రి. ఆమె బియ్యమే గదా పోయింది."

మేడమ్ తన కంప్యూటర్‌లో ఏదో తెరిచింది. గుమాస్తాకు కనిపించనిది ఆమెకు కనిపిస్తుందని అప్పుడు తెలిసింది. కారణం అన్ని రోజులూ ఉంది. ఒక గది లోపల ఉంది, అంతే. చదివి చెప్పింది: మల్లేశం పేరున కరెంటు మీటరు ఉంది. అంత కరెంటు కాల్చే ఇల్లు పేద ఇల్లు కాదని మిషన్ లెక్క.

నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆ మీటరు మా ఒక్కరిది కాదు. మా ఖోలీల వరుస మొత్తానికీ అదొక్కటే మీటరు. ఇంటి యజమాని కడోదరా దిక్కు ఉంటాడు, మీటరు తన పేరున పెట్టుకోడు. అందుకని వరుసలో నమ్మకమైన మనిషి ఒకరు తన పేరు ఇస్తారు, బిల్లు అందరూ పంచుకుంటారు. కుట్టు మిషన్లు నడిపే గదులూ అందులోనే. తెలుగువాళ్లు ఉండే వరుసల్లో చాలా చోట్ల ఇదే పద్ధతి. మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్లకు అదొక పెద్దరికం. మల్లేశం పేరున మీటరు వచ్చినప్పుడు మా అత్త ఊళ్లో అందరికీ చెప్పుకుంది, సూరత్‌లో నా కొడుకును ఎంత నమ్ముతున్నారో చూడండి అని. ఆయన పోయాక పేరు మార్చాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆ పెద్దరికమే నా బిడ్డ నోటి దగ్గరి బువ్వ లాగేసిందని మాకెలా తెలుస్తుంది?

"అది లైన్ మొత్తానికి ఒక్కటే మీటరు, మేడమ్" అంది కనకక్క.

"మిషన్‌కు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?"

"అడిగితే తెలుస్తుండె."

మీటరు మీ ఆయన పేరు నుంచి మార్పించుకుని మళ్లీ దరఖాస్తు పెట్టుకో, అవుతుంది అని చెప్పి మేడమ్ మమ్మల్ని పంపింది.

సాంచెలు బంద్ ఉన్న రోజు చూసి వరుసలో అందరినీ మెట్ల దగ్గర కూర్చోబెట్టాం. కారణం చెప్పేసరికి ఒక్కొక్కరి తల వంగిపోయింది. ఒకప్పుడు మీటరు తన పేరున పెట్టమని మల్లేశంతో తగాదా పడిన ఐలయ్య బావ అందరికంటే ముందు నోరు తెరిచాడు. "నీ కార్డు కోసం మా కార్డు పోవాల్నా, నర్సవ్వా? గదేం న్యాయం?" అన్నాడు.

"ఓ పెద్దమనిషీ" అంది కనకక్క, "అప్పుడు నాకంటె నమ్మకస్తుడు ఎవడున్నడని మీసం దువ్వితివి. ఇయ్యాల మీసం ఏడ పోయింది?"

అందరూ నవ్వారు గానీ పేరు ఇస్తానని ఎవరూ అనలేదు. తప్పు పట్టను. అందరికీ పిల్లలున్నారు. యజమాని అయితే ఫోన్‌లో ఒకటే మాట, నా పేరు ఇవ్వను, పోయినవాడి పేరు నడవదు, మీలో ఒకరి పేరు ఇవ్వకపోతే కనెక్షన్ తీయించేస్తాను అన్నాడు. అప్పుడు కనకక్క, "నా పేరున పెట్టుండ్రి" అంది. "నాది ఒక్క పొట్ట. రేషన్ బియ్యం పోతే కొనుక్క తింట."

నేను వద్దని చేయి పట్టుకున్నాను. ఆమె విదిలించుకుంది. "నోర్ముయ్యే. ఊకె ఇస్తలేను, అడిగి ఇస్తున్న." నిజంగానే అడిగింది. మర్నాడు నన్ను తీసుకుని కచేరీకి పోయి ఆ గుమాస్తా ముందు నిలబడింది. మీటరు నా పేరున ఉంటే నాకేం పోతుంది అని అడిగింది. రేషన్ పోతుంది మాజీ అన్నాడు. ఇంకేమన్నా పోతుందా? ఇంకేం పోదు అన్నాడు. మళ్లీ అడిగింది. పోదు మాజీ, చెప్తున్నా కదా అన్నాడు. అబద్ధం చెప్పాడని నేను అనను. అతనికి తెలిసింది అంతే. తెలియదు అన్న మాట అతనికి రాలేదు, అదొక్కటే.

నా కార్డు తిరిగి వచ్చింది. ఆమె పేరు పక్కన ఎరుపు పడింది. రేషన్ బియ్యం తెచ్చిన రోజు సగం ఆమె ఇంట్లో పోయబోతే గిన్నె లాక్కుని నా సంచిలోనే వంచేసింది. "కోత ఎందుకు పడ్డదో నాకు తెలుసు. తెలిసిన కోత కడుపుల మండదు" అంది. ఆ రోజుల్లో ఆమె హుషారుగానే ఉండేది. కార్డు పోయిన ఆడవాళ్లు వేరే సందుల నుంచి వచ్చి ఆమె గడపలో కూర్చునేవారు. మీటరు ఎవరి పేరున ఉంది, బండి ఎవరి పేరున కొన్నారు, ఊళ్లో పొలం ఎవరి పేరున ఉంది అని అడిగి, మంగళవారం కచేరీకి తీసుకుపోయేది. కొందరి కారణం తెలిసింది. చాలామందిది తెలియలేదు. మాకు చదివి చెప్పిన మేడమ్ అప్పటికే బదిలీ అయి పోయింది. కొత్తగా వచ్చినాయన ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు.

కనకక్కకు షుగర్ ఉండేది. మా గదుల నేల మీద ఎప్పుడూ రాలిన రాళ్లు ఉంటాయి, ఎంత ఊడ్చినా మూలల్లో మిగులుతాయి. అందులో ఒకటి ఆమె మడమలో దిగింది. షుగర్ ఉన్న కాలుకు నొప్పి తెలియదు. పసుపు పెట్టి గుడ్డ కట్టుకుని మూటలు మోసింది. నేను చూసేసరికి వేళ్లు నల్లబడ్డాయి, గుడ్డ విప్పితే వాసన వచ్చింది. ఆపరేషన్ వెంటనే చేయాలన్నారు. సర్కారు ఇచ్చిన వైద్యం కార్డు ఆమె దగ్గర ఉంది. ఆ కార్డు మీద ప్రైవేటు ఆస్పత్రిలో ఉచితంగా చేస్తారు. తన చీర మడతలో పెట్టుకుని భద్రంగా దాచుకున్న కార్డు అది. ఆస్పత్రి కౌంటర్ దగ్గర అమ్మాయి దాన్ని తెర ముందు పెట్టి, మళ్లీ పెట్టి, మా వైపు చూసింది. "కార్డు నడవడం లేదు, ఆంటీ. సిస్టమ్‌లో తీసేశారు."

నేను కార్డు తీసుకుని రెండు వైపులా తిప్పి చూశాను. కనకక్క మాత్రం చక్రాల కుర్చీలోంచే ముందుకు వంగి, "ఎందుకు?" అంది.

ఆ అమ్మాయికి తెలియదు. కచేరీకి పొమ్మంది. ఆమెను ఐలయ్య బావకు అప్పగించి నేను ఆటోలో పరిగెత్తాను. రేషన్ జాబితాలో ఎరుపు పడితే ఆ ఎరుపు దానంతట అదే వైద్యం జాబితాకు కూడా పోతుందట. కొత్తగా అలా కలిపారట. ఎప్పుడు కలిపారు, ఎవరికి చెప్పారు అంటే, "అది మా శాఖ కాదు" అన్నాడు కొత్త అధికారి. ఆ శాఖకు పోతే, "మా దగ్గర తప్పేం లేదు, రేషన్ వాళ్లు పంపినదే మేం తీసుకున్నాం" అన్నారు. మీటరు వరుస మొత్తానిదని చెబితే రాసివ్వమన్నారు. కనకక్క ఫోన్ నంబరు వేసి ఫిర్యాదు రాయించి ఇస్తే, పరిశీలిస్తామన్నారు. చివరికి సర్కారు పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు, కట్టు కట్టారు, ఆపరేషన్‌కు వరుసలో పెట్టారు. వరుస కదిలేలోపు విషం పైకి పాకింది.

చివరి రోజుల్లో ఆమె గొంతు తగ్గింది. పక్క మంచం వాళ్లకు కూడా వినపడనంత. నేను చెవి ఆనించి వినేదాన్ని. మూట ఎవరికి ఇవ్వాలో, ఎవరి కూలి ఎక్కడ పెట్టిందో చెప్పింది. ఆ తరువాత నా చేయి పట్టుకుని అడిగింది.

"నర్సవ్వా, నేను అడిగిన గదనే. ఇంకేమన్న పోతదా అని అడిగిన గదా?"

"అడిగినవక్కా. రెండుసార్లు అడిగినవ్."

"లేదన్నడు గదా?"

"లేదన్నడు."

"మరి నేను ఏడ తప్పు చేసిన? సూపెట్టు."

ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాను. మరోసారి అడుగుతుందేమో అని భయపడుతూ కూర్చున్నాను. అడగలేదు. తెల్లవారి, కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చే వేళకు పోయింది. సూరత్‌లోనే దహనం చేశాం. కొరివి పెట్టడానికి ఎవరూ లేకపోతే ఐలయ్య బావ పెట్టాడు. మీసం మాట గుర్తొచ్చిందేమో, చితి ముందు వెక్కివెక్కి ఏడ్చాడు.

కార్యం అయిన కొన్నాళ్లకు ఆమె ఫోన్ మోగింది. ఫోన్ నా దగ్గరే ఉంది. నా బిడ్డ చదివింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, సేవ చేసే అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు అని. వైద్యం కార్డు గురించి మేము పెట్టిన ఫిర్యాదు అది. మనిషి చనిపోయినట్టు రాసుకోగానే మిషన్ దాన్ని మూసేసిందట. బిడ్డ రెండోసారి చదవబోతే వద్దన్నాను.

నేను మంగళవారం కచేరీకి పోయాను. ఆమె కార్డు ఎందుకు పోయిందో చెప్పమన్నాను. మనిషే లేనప్పుడు కార్డుతో ఏం పని అన్నారు. బియ్యం వద్దు, వైద్యం వద్దు, కారణం చెప్పండి అన్నాను. చనిపోయినవాళ్ల వివరాలు బంధువులకే చెప్తారట. ఆమె నీకేమవుతుంది అని అడిగారు. అక్క అన్నాను. తండ్రి పేర్లు చూసి, కుదరదు అన్నారు. పని నేర్పిన మనిషి అని చెప్తే, తమ ఫారంలో ఆ గడి లేదన్నారు.

ఇప్పుడు మీటరుకు మళ్లీ పేరు కావాలి. యజమాని గడువు పెట్టాడు. ఈసారి మెట్ల దగ్గర కూర్చున్నప్పుడు నేను మాట్లాడాను, జీవితంలో మొదటిసారి అంతమంది మగవాళ్ల ముందు. మీటరు దేనికి దేనికి ముడిపెట్టారో కచేరీవాళ్లు చెప్పేదాకా ఈ లైన్‌లో ఎవరూ పేరు ఇవ్వొద్దు, మీటరు కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు అన్నాను. "కరెంటు పోతే పిల్లలు ఉడికిపోతరు, నర్సవ్వా" అన్నాడు ఐలయ్య బావ. ఉడుకుతారు, నాకూ తెలుసు. అయినా ఎవరూ కాదనలేదు. కనెక్షన్ తీసేశారు. కుట్టు మిషన్లు ఆగిపోయాయి. మధ్యాహ్నం రేకుల కింద పిల్లల ఒళ్లు పేలిపోతోంది. తడి గుడ్డలు కట్టి బయట నీడలో పడుకోబెడుతున్నాం. ఇంకా ఎన్నాళ్లు ఓర్చుకుంటారో చెప్పలేను. రేపు ఎవరైనా పోయి వేలిముద్ర వేసి వస్తే వాళ్లను ఒక్క మాట అనను.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. మిషన్ మా దగ్గర ఏమేం చూస్తుందో, ఒకటి పోతే దాని వెంట ఇంకేమేం పోతాయో కచేరీ గోడ మీద రాయండి. గుజరాతీలో, హిందీలో, తెలుగులో. చదువు రానివాళ్లకు ఒక మనిషిని నిలబెట్టి చెప్పించండి. ఎర్రగీత పెట్టేముందు ఒకసారి మా గడపకు వచ్చి అడగండి. ఆలోచిస్తాం అన్నారు. ఆలోచిస్తున్నారేమో.

వచ్చే మంగళవారం కూడా పోతాను. కిటికీ చెక్క మీద మోచేతులు ఆనించి నిలబడడం నాకిప్పుడు అలవాటైంది. వెనుక వరుసలో వాళ్లు తిడతారు, జరగమంటారు. జరగను. మీటరును వైద్యానికి ముడివేసింది ఎవరు, ముడివేసేటప్పుడు కనకక్కకు ఎందుకు చెప్పలేదు అని అడుగుతాను. జవాబు లేదంటారు. లేదన్న మాట పైనున్నవాళ్ల నోటితో చెప్పించండి అంటాను. కనకక్క నన్ను అడిగిందానికి నా దగ్గర జవాబు లేదు. అది వాళ్ల దగ్గరే ఉంది. ఆమె తప్పు ఎక్కడో నాకు చూపించనీ, లేకపోతే తప్పు లేదని చెప్పనీ. అప్పటిదాకా కూలి పోయినా సరే, ఆ కిటికీ దగ్గర నా వంతు వదలను.